భాగస్వామి అప్పుకు పూచీ ఎవరిది?

భాగస్వామ్య వ్యాపారాన్ని గురించి మన భాషలో వెలువడిన ఇస్లామీయ రచనలలో, నేను చూచినంత మేరకు, లాభాన్ని గురించిన చర్చ విస్తారంగా ఉంది. లాభం నిష్పత్తిగా ఉండాలి గాని ఇంత అని ముందే నిర్ణయించిన మొత్తంగా ఉండరాదనీ, నష్టం పెట్టుబడిని అనుసరించి పోవాలనీ, ఈ రెండవ సూత్రం హజ్రత్ అలీ (రజి) నుండి ఉల్లేఖితమైనదనీ వ్యాసకర్తలు వ్రాస్తారు. వడ్డీకి ఇదే ప్రత్యామ్నాయమని చెప్పి వ్యాసం ముగిస్తారు. అయితే ఏ వ్యాపారంలోనైనా భాగస్వాములు కాక ఇంకొక మనిషి ఉంటాడు. అతడు సరుకు అరువిచ్చినవాడు. కార్ఖానా మూతబడిన నాడు అతడు ఎవరి తలుపు తట్టాలి? ఎవరి దగ్గర ఎంత అడగవచ్చు? ఈ ప్రశ్న మన రచనలలో దాదాపు కనిపించదు. ప్రాచీన ఫుఖహాకు మాత్రం ఇది మొదటి ప్రశ్నలలో ఒకటి. వారు భాగస్వామ్యాలను విభజించిన తీరే ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

ఈ విమర్శకు కారణం పుస్తకాలు మాత్రమే కాదు. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలలో ఒక సందు తిరిగి చూడండి. ఒక లేతు, ఒక వెల్డింగు సెట్టు, పైన రేకుల కప్పు, ఇద్దరు ముగ్గురు భాగస్వాములు. పెద్ద కంపెనీలకు జాబ్‌వర్కు చేసి బ్రతికే ఇటువంటి షెడ్లు అక్కడ కొల్లలు. వాటిలో మనవాళ్ళవీ ఉన్నాయి. అనువాదకుడిని గనుక షరాకత్‌నామాలు నా చేతికి వస్తుంటాయి. ఉర్దూలో అనుకున్న మాటను తెలుగులోకి, తెలుగులో వ్రాసుకున్న దానిని వకీలు కోసం ఇంగ్లీషులోకి మార్చడం నా పని. లాభనష్టాల నిబంధన వాటిలో స్పష్టంగా ఉంటుంది, పైన బిస్మిల్లాహ్ ఉంటుంది. ఉద్దెర ఎవరు తేవచ్చు, ఎంతవరకు తేవచ్చు, తెచ్చినది తీరకపోతే ఎవరు తీర్చాలి అన్న ముక్క మాత్రం ఉండదు.

ఒక లెక్క ఊహించుకుందాం. నాచారంలో ఇద్దరు కలిసి ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టారు. ఒకరిది 6 లక్షలు, మరొకరిది 4 లక్షలు. మొదటివారు పనిలో ఉంటారు, రెండవవారికి వేరే ఉద్యోగం. మొదటివారు ఇనుప రేకుల వ్యాపారి దగ్గర 18 లక్షల సరుకు ఉద్దెర తెచ్చారు. సరుకు కొనవలసిన కంపెనీ చేతులెత్తేసింది. ఉన్న యంత్రాలు, మిగిలిన సరుకు అమ్మితే 5 లక్షలు వచ్చాయి. ఇంకా 13 లక్షలు బాకీ. మొదటివారిది అద్దె ఇల్లు. రెండవవారికి రామంతాపూర్‌లో తండ్రి నుండి సంక్రమించిన ఇల్లుంది. రేకుల వ్యాపారి ఎవరిమీద దావా వేస్తాడో వేరే చెప్పనక్కర లేదు. “నేను పెట్టింది 4 లక్షలు, షరీఅత్ ప్రకారం నా నష్టం అంతవరకే” అని రెండవవారు నమ్ముతూ ఉంటారు. మన వ్యాసాలు చదివిన మనిషి అలా నమ్మితే తప్పు పట్టలేము. మనం అతనికి చెప్పింది అంతే కదా!

దేశ చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 18వ సెక్షను ప్రకారం ప్రతి భాగస్వామీ సంస్థ వ్యాపారానికి ఏజెంటు. 25వ సెక్షను ప్రకారం తాను భాగస్వామిగా ఉన్న కాలంలో సంస్థ చేసిన పనులన్నిటికీ ప్రతి భాగస్వామీ మిగిలినవారితో కలిసి బాధ్యుడు, విడిగానూ బాధ్యుడు. ‘విడిగానూ’ అన్న ఈ ఒక్క మాటలోనే రామంతాపూర్ ఇల్లు ఉంది. అప్పిచ్చినవాడు పూర్తి 13 లక్షలూ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. చెల్లించినవారు తరువాత తోటి భాగస్వామిని అతని వంతు అడుక్కోవాలి, అతని దగ్గర ఉంటే. పనిలో లేనివారికి, పెట్టుబడి పెట్టి ఇంట్లో కూర్చున్నవారికి ఈ సెక్షను మినహాయింపు ఇవ్వలేదు. ఉద్దెర తేవద్దని భాగస్వాములు తమలో తాము వ్రాసుకున్నా, ఆ సంగతి తెలియని బయటివాడిని అది కట్టివేయదని 20వ సెక్షను చెబుతుంది. సంస్థ అప్పూ, సొంత అప్పూ రెండూ ఉన్నప్పుడు వరుస ఏమిటో 49వ సెక్షనులో ఉంది: సంస్థ ఆస్తి ముందు సంస్థ అప్పులకు, సొంత ఆస్తి ముందు సొంత అప్పులకు, మిగిలినది రెండవదానికి.

చట్టం దృష్టిలో సంస్థ భాగస్వాములకు వేరైన మనిషి కాదన్నదే దీనికంతటికీ మూలం. 1966లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన అద్దంకి నారాయణప్ప కేసు మన తెలుగునేల నుండి వెళ్ళినదే. రెండు కుటుంబాలు కలిసి బియ్యం మరాడించడం, వేరుశనగ కాయలు కొట్టించడం వంటి వ్యాపారం చేశాయి. సంస్థ నడుస్తుండగా ఏ భాగస్వామీ అందులోని ఫలానా వస్తువు నాదని అనలేడనీ, అప్పులు తీసివేయగా మిగిలిన దానిలోనే అతనికి వాటా అనీ న్యాయస్థానం తేల్చింది. 2025 జూలైలో ధనసింగ్ ప్రభు కేసులో అదే న్యాయస్థానం ఈ సూత్రాన్ని చెల్లని చెక్కుల దాకా తీసుకువెళ్ళింది. సంస్థ పేరిట ఇచ్చిన చెక్కు తిరిగివస్తే, సంస్థను ముద్దాయిగా చేర్చకపోయినా భాగస్వాములపై ఫిర్యాదు నిలుస్తుందని చెప్పింది, ఎందుకంటే సంస్థ అన్నా భాగస్వాములన్నా వేరు కాదు గనుక.

ఇక ఫిఖహ్ వైపు వద్దాం. హనఫీ ఫుఖహా ఒప్పందం ద్వారా ఏర్పడే భాగస్వామ్యాన్ని ప్రధానంగా రెండు విధాలన్నారు. ఒకటి ఇనాన్, మరొకటి ముఫావజా. ఇనాన్ అంటే కళ్ళెపు పగ్గమని నిఘంటుకారులలో కొందరి వివరణ: ఒక చేతిలో పగ్గం, మరొక చెయ్యి తన సొంత పనికి స్వేచ్ఛగా ఉంటుంది. ముఫావజా మాటను హిదాయా కర్త సమానత్వం నుండి వివరించారు. రెండింటికీ భేదం పెట్టుబడిలో మాత్రమే లేదు. ఇనాన్‌లో వకాలత్ ఉంది, కఫాలత్ లేదు. ముఫావజాలో వకాలత్, కఫాలత్ రెండూ ఉన్నాయి. వకాలత్ అంటే నా తరఫున నీవు వ్యవహరించడం. కఫాలత్ అంటే నీ మీద పడిన బాకీకి నేను పూచీ పడడం. ఇనాన్‌లో ఒక భాగస్వామి సరుకు కొంటే అమ్మినవాడు వెల అడగవలసినది కొన్నవారినే. కొన్నవారు తరువాత తోటి భాగస్వామిని అతని వంతు అడుగుతారు. ముఫావజాలోనైతే వ్యాపార రుణానికి ఎవరిని అడిగినా చెల్లుతుంది.

అంటే పైన చెప్పిన రేకుల వ్యాపారి హనఫీ ఖాజీ ముందుకు వెళితే, పత్రం ఇనాన్‌ది అయితే, రామంతాపూర్ ఇంటివారిని నేరుగా పట్టుకోలేడు. అంతే కాదు, చేతిలో ఉన్న పెట్టుబడికి మించి ఉద్దెర తేవడానికి తోటివారి అనుమతి లేకపోతే ఆ కొనుగోలు కొన్నవారి నెత్తిమీదనే పడుతుంది. దీనిని ఫుఖహా ఇస్తిదానా అన్నారు. ముజారబాలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. “నీకు తోచినట్లు చెయ్యి” అన్నంత మాత్రాన ఉద్దెరకు అనుమతి ఇచ్చినట్లు కాదు, విడిగా చెప్పాలి. మన చట్టంలో పద్ధతి దీనికి విరుద్ధం. 19వ సెక్షను భాగస్వామికి సహజంగా లేని అధికారాలను లెక్కించింది: స్థిరాస్తి అమ్మడం, వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించడం, దావా వెనక్కు తీసుకోవడం వంటివి. ఉద్దెర తేవడం ఆ పట్టికలో లేదు.

కాబట్టి నాచారంలో మనం వ్రాసుకునేది ఇనాన్, అప్పిచ్చినవాడి ముందు నిలబడేది మాత్రం ముఫావజా వంటిది. నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. అయితే ఆ ముఫావజా కూడా సరియైన ముఫావజా కాదు. ఫుఖహా దానికి పెట్టుబడిలో సమానత్వం కావాలన్నారు, వ్యవహరించే అధికారంలో సమానత్వం కావాలన్నారు. పూచీ సమానమైనప్పుడు బలమూ సమానంగా ఉండాలని వారి భావం. 6 లక్షలు, 4 లక్షలు పెట్టినవారికి, పనిలో ఉన్నవారికి, లేనివారికి ఒకే పూచీ తగిలించడం వారి ఊహలోని విషయం కాదు. ఇమామ్ షాఫయీ (రహ్మ) అయితే ముఫావజానే చెల్లదన్నారు. తెలియని మొత్తానికి, తెలియని మనిషికి పూచీ పడడంలోని అనిశ్చితి ఆయనకు పట్టలేదు.

హిదాయాలో ఇక్కడ ఒక షరతు ఉంది. నాకది ఈ అధ్యాయమంతటిలోనూ విలువైనదిగా తోస్తుంది. ముఫావజా ఒప్పందం ‘ముఫావజా’ అన్న మాటతోనే కుదరాలి, లేదా దాని షరతులన్నీ విడివిడిగా చెప్పుకోవాలి. ఎందుకంటే దాని షరతులు సామాన్యులకు తెలియనివి. మీ తోటివాడు చేసిన ప్రతి వ్యాపార బాకీకి మీ ఇల్లు జవాబు చెప్పవలసి ఉంటుందన్న సంగతి నోరు తెరిచి చెప్పుకోవాలని 12వ శతాబ్దపు మర్గీనానీ (రహ్మ) కోరారు. మన పత్రాలు దానిని చెప్పవు, మన వ్యాసాలు కూడా చెప్పవు.

అనువాదకుల తప్పు ఇందులో ఎంతో ఉంది. ఉర్దూలో జిమ్మేదారీ, తెలుగులో బాధ్యత: ఈ రెండు మాటలు అరబీలోని అరడజను మాటలను మింగివేశాయి. కఫాలత్ బాధ్యతే, జమాన్ బాధ్యతే, దైన్ బాధ్యతే, ఇంటిపెద్ద ధర్మమూ బాధ్యతే. ‘భాగస్వాములు నష్టానికి బాధ్యులు’ అని తెలుగులో చదివినవారికి అది తమలో తాము పంచుకునే నష్టమా, బయటివాడికి చెల్లించే అప్పా తెలియదు. రెండూ వేరు. మొదటిది వారిద్దరి మధ్య లెక్క. రెండవది మూడవవాని హక్కు. మన భాషలో ‘పూచీ’ అని చక్కని మాట ఉంది. పల్లెలో పెద్దమనిషి పూచీ పడ్డాడంటే ఏమి అర్థమో పండితుడు చెప్పనక్కర లేదు. కఫాలత్‌కు పూచీ, వకాలత్‌కు ప్రాతినిధ్యం, దైన్‌కు అప్పు అని విడదీసి వ్రాస్తే సగం పొరపాట్లు పుట్టవు. ముఫావజాను నేను ‘పరస్పర పూచీ భాగస్వామ్యం’ అంటాను. మాట పొడవే, కాని దాచేది ఏమీ లేదు. 1791లో హిదాయాను ఇంగ్లీషులోకి తెచ్చిన చార్లెస్ హామిల్టన్ అరబీ మూలం నుండి కాక పారశీక రూపం నుండి అనువదించారు. ముఫావజాకు ఆయన వాడిన మాటలో పరస్పరం అన్న భావం మాత్రం వచ్చింది, పూచీ రాలేదు.

వుజూహ్ భాగస్వామ్యం సంగతి మరీ విచిత్రం. పెట్టుబడి లేకుండా తమ పరపతి మీద సరుకు తెచ్చి అమ్మి లాభం పంచుకోవడం అది. వజ్హ్ అంటే ముఖం. మొహం చూచి అరువివ్వడమని మనం అననే అంటాము. అంత దగ్గరి నుడికారం ఉండగా, ‘వజాహత్ భాగస్వామ్యం’ అని అర్థంకాని మాట పెట్టుకుని పాఠకుణ్ణి దూరం చేసుకోవడమెందుకు? ఇందులో లాభం పూచీని అనుసరిస్తుంది. సరుకు వెలకు ఎవరు ఎంత పూచీ పడితే లాభంలో వారికి అంతే వాటా. ఈ సూత్రాన్ని అన్ని రకాలకూ ముందు చెప్పి ఉంటే మన వ్యాసాల తీరే మారేది.

నాచారానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది పనివారి భాగస్వామ్యం. ఫుఖహా దర్జీలను, అద్దకంవారిని ఉదాహరణగా తీసుకున్నారు. ఒకరు ఒప్పుకున్న పని ఇద్దరి మీదా పడుతుంది. పని ఇచ్చినవాడు ఎవరినైనా అడగవచ్చు, కూలి ఇద్దరిలో ఎవరికిచ్చినా తీరినట్లే. ముఫావజా అని పేరు పెట్టకపోయినా పని పూచీలో, కూలి అడగడంలో దానివలెనే నడుస్తుందని ఇస్తిహ్‌సాన్ ద్వారా నిర్ణయించారు. ఖియాస్ కఠినంగా వర్తింపజేస్తే ఇలా రాదు. కాని ఇద్దరూ కూర్చున్న దుకాణంలో బట్ట ఇచ్చినవాడు ఎవరిని నమ్మి ఇచ్చాడు? దుకాణాన్ని నమ్మి ఇచ్చాడు. లేతు మీద బుష్షులు తిప్పించుకోవడానికి ఇనుము అప్పగించే కంపెనీ కూడా షెడ్డునే నమ్ముతుంది. ఇక్కడ 25వ సెక్షనూ, హనఫీ ఇస్తిహ్‌సానూ ఒకే దారిలో ఉన్నాయి. చట్టమంతా పరాయిది, మన ధర్మశాస్త్రమంతా వేరు అని మాట్లాడేవారు ఈ పుటలు చదవలేదని అనుకోవాలి.

ఆధునిక గ్రంథాలలో డాక్టర్ ముహమ్మద్ నజాతుల్లాహ్ సిద్దీఖీ ఉర్దూలో వ్రాసిన షిర్కత్, ముజారబత్‌ల షరయీ సూత్రాల గ్రంథం మనకు అన్నిటికంటే ఎక్కువ ఉపకరించింది. 1985లో అది ఇంగ్లీషులో కూడా వచ్చింది. నాలుగు మజ్‌హబ్‌ల అభిప్రాయాలను ఒకచోట పేర్చిన శ్రమ చిన్నది కాదు. అయితే ఆయన కళ్ళ ముందున్నది బ్యాంకు. దానిని ఆధారం చేసుకుని వ్రాసిన మనవాళ్ళు బ్యాంకు పద్ధతినే షెడ్డుకు అంటగట్టారు. ముజారబాలో పెట్టుబడిదారు పెట్టుబడికి మించి నష్టపోడన్న నియమం, షరతులతో సహా, ముజారబాకు సంబంధించినది. దానిని ఇద్దరి పేర్లతో రిజిస్టరైన సంస్థకు పూయడం ఆయన దోషం కాదు, మనది. 1970లో అబ్రహాం యుడోవిచ్ ప్రచురించిన గ్రంథం దీనికి భిన్నం. ముస్లిమేతరుడైనా ఆయన హనఫీ మూలాలను ఓపికగా చదివి, ఉద్దెర ఈ వ్యవస్థలో ఎంత కీలకమో చూపారు. ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) గారి కితాబుల్ అస్ల్ ఆయనకు ముఖ్యాధారం. ఆ గ్రంథాన్ని మౌలానా అబుల్ వఫా అఫ్గానీ (రహ్మ) పరిష్కరించగా మన దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించింది. నాచారం నుండి హబ్సిగూడ, తార్నాక దాటితే ఆ సంస్థ ఉన్న ఉస్మానియా ఆవరణ వస్తుంది. ఆ ముద్రణ గ్రంథమంతటికీ విస్తరించలేదు. 12 సంపుటాల పూర్తి ముద్రణ 2012లో తుర్కీ పండితుడు బోయ్‌నుకాలిన్ చేతుల మీదుగా బేరూత్‌లో వెలువడింది. ఇంటి పక్కన మొదలైన పని ఇంకెక్కడో పూర్తయింది. కనీసం అందులోని షరాకత్ అధ్యాయాన్నయినా తెలుగులోకి తెచ్చుకోవాలన్న ఆలోచన మనకు రాలేదు.

ఒక ఆక్షేపణ రావచ్చు. ఫిఖహ్ ఇనాన్‌లో కఫాలత్ లేదంటుంటే, చట్టం బలవంతాన మోపిన పూచీ నుండి తప్పించుకోవడానికి ముస్లిం భాగస్వామికి ధర్మరీత్యా హక్కు లేదా? లేదని నా అభిప్రాయం. ‘ఫలానావానికి నీవు ఏది అమ్మినా దాని వెల నా మీద’ అని మొత్తం తెలియకుండా పడే పూచీ కూడా హనఫీల వద్ద చెల్లుతుంది. వాడుకలో స్థిరపడినది షరతుగా పెట్టుకున్న దానితో సమానమన్నది ఫిఖహ్‌లో ప్రసిద్ధ సూత్రం. 1932 చట్టం కింద సంస్థ నడుపుతూ, దాని పేరిట ఉద్దెర తెచ్చుకుంటూ, అప్పిచ్చినవాడు ఆ చట్టాన్ని నమ్మే ఇచ్చాడని తెలిసి, దావా పడిన నాడు ఇనాన్ పేరు ఎత్తడం న్యాయం కాదు. పోయిన పాత్రను తెచ్చిన వారికి ఒంటె మోయగల ధాన్యం ఇప్పిస్తానని ఒక మనిషి పూచీ పడిన సంగతి సూరె యూసుఫ్ 72వ ఆయతులో ఉంది. ఫుఖహా కఫాలత్‌కు దానిని ఆధారంగా తీసుకున్నారు. అప్పు మిగిల్చి పోయిన వ్యక్తి జనాజా నమాజు దైవప్రవక్త (స) స్వయంగా చేయించడానికి వెనుకాడగా, అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతనే చేయించారన్న హదీసు మనకు తెలిసినదే. ధర్మశాస్త్రాన్ని అప్పు ఎగవేతకు అడ్డం పెట్టుకునేవారు ఆ హదీసు ముందు నిలబడలేరు.

అయితే తెలియక సంతకం చేసినవారి సంగతి వేరు. ఇక్కడ నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇంటి ఆడవారి పేర్లు. పన్ను కోసమో, బ్యాంకు అప్పు కోసమో భార్యనో తల్లినో భాగస్వామిగా వ్రాస్తారు. ఆమె షెడ్డు గడప తొక్కి ఉండదు. 25వ సెక్షను ఆమెను కూడా విడిగా బాధ్యురాలిని చేస్తుంది. ఆమె మహర్ సొమ్ముతో కొనుక్కున్న ప్లాటు కూడా ఆ పూచీ కిందికి వస్తుంది. మైనరు కొడుకుల విషయంలో చట్టం కొంత దయ చూపింది. 30వ సెక్షను ప్రకారం మైనరును లాభాలలో చేర్చుకుంటే అతని వాటా మాత్రమే జవాబుదారీ అవుతుంది, సొంత ఆస్తి కాదు. కాని మేజరైన తరువాత, లేదా తాను అలా చేరి ఉన్న సంగతి తెలిసిన తరువాత, ఏది వెనుకనైతే అప్పటి నుండి 6 నెలలలో వద్దని బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే అతడు పూర్తి భాగస్వామి అవుతాడు. మొదట చేర్చుకున్న నాటి నుండి అయిన అప్పులన్నీ అతని మీదికి వస్తాయి.

విడిపోవడంలోనూ ఇంతే. ‘హిసాబ్ అయిపోయింది, చేతులు కలుపుకున్నాము’ అంటే తోటివానితో లెక్క తీరింది గాని బయటివానితో తీరలేదు. విరమించుకున్నట్లు బహిరంగ ప్రకటన ఇచ్చేవరకు తరువాతి పనులకు కూడా పాత భాగస్వామి జవాబుదారీ అని 32వ సెక్షను. ఆ ప్రకటన గెజిటులో, జిల్లాలో చదివే స్థానిక భాషా పత్రికలో రావాలి, రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రారుకూ తెలపాలి. తన వాటా తీసుకుని ఉప్పల్ వదిలి గల్ఫ్ వెళ్ళిపోయినవారు ఈ మూడు పంక్తుల ప్రకటనకు డబ్బు ఖర్చు దండగ అనుకుంటారు.

మరణం విషయంలో మాత్రం ఫిఖహ్, చట్టం ఒకచోటికి వస్తాయి. మరణంతో వకాలత్ పోతుంది, భాగస్వామ్యమూ పోతుంది. చట్టంలో కూడా వేరే ఒప్పందం లేకపోతే 42వ సెక్షను ప్రకారం అంతే. చనిపోయిన తరువాత సంస్థ చేసిన పనులకు ఆయన ఆస్తి జవాబు చెప్పదు. అంతకు ముందువి చెప్పాలి, వారసులు పంచుకోక ముందే. సూరె నిసా 11, 12 ఆయతుల వరుస తెలిసిన ఇంటిలో ఇది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు కొందరు యువకులు 2008 నాటి పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం వైపు చూస్తున్నారు. అక్కడ సంస్థ వేరే మనిషి. దాని అప్పు దానిదే. భాగస్వామి అయినంత మాత్రాన సొంత ఆస్తి పోదు, మోసం చేస్తే తప్ప, తాను స్వయంగా చేసిన తప్పిదానికి తప్ప. దీనిని గురించి ఉలమాలో ఏకాభిప్రాయం లేదు. 1992లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ, వ్యవహరించేవారికి తెలిసి ఉంటే పరిమిత బాధ్యత గల కంపెనీ పెట్టడంలో అభ్యంతరం లేదన్నది. ముఫ్తీ తఖీ ఉస్మానీ 1998 నాటి తమ ఇంగ్లీషు గ్రంథంలో వక్ఫ్, బైతుల్ మాల్ వంటి పోలికలతో దీనిని పరిశీలించి, వేలమంది వాటాదారులున్న పెద్ద కంపెనీలకే దీనిని అంగీకరించారు. కొద్దిమంది నడిపే భాగస్వామ్యాలలో, పనిలో పాల్గొననివారికి తప్ప, ఇది అప్పిచ్చినవారికి అన్యాయమని భావించారు. నాకు ఆయన విభజన సమంజసంగా కనిపిస్తుంది. రామంతాపూర్ ఇంటివారు ఆ మినహాయింపు కిందికి రాగలరు. 18 లక్షల ఉద్దెర స్వయంగా తెచ్చినవారు రాలేరు. ఆ చట్టం 26వ సెక్షనులో ఇంకొక చిక్కు ఉంది, దానిని ఎవరూ పట్టించుకున్నట్లు లేదు. ప్రతి భాగస్వామీ సంస్థకు ఏజెంటే గాని తోటి భాగస్వాములకు కాదని అది అంటుంది. వకాలత్ లేకుండా షరాకత్ లేదన్నది హనఫీ ఫుఖహా మొదటి మాట. అప్పుడు ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని ఇనాన్ అనాలా, వక్ఫ్ ముతవల్లీల సంబంధం వంటిదనాలా, లేక దానికి కొత్త పేరే పెట్టాలా? మన దారుల్ ఇఫ్తాలకు ఈ ప్రశ్న తెలుగులోనే వ్రాసి పంపవచ్చు, బాధ్యత అన్న మాట వాడకుండా.